పానెల్ మీది చిన్న దీపాలు – వాటి పూర్వాపరాలు

ప్రత్యేక సంచికకు మన కాలపు యంత్రాల గురించి ఏదైనా రాయమని సంఘ కార్యదర్శిగారు కోరారు. స్ట్రౌజరు ఎక్స్ఛేంజీ గురించీ, ట్రంకు బోర్డు గురించీ నాకన్న చక్కగా రాయగల పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుచేత వారెవరూ ముట్టుకోరని నమ్మకం ఉన్న ఒక చిన్న వస్తువును ఎన్నుకున్నాను. అది యంత్రం ముఖాన వెలిగే సూచిక దీపం. 1966లో టెక్నీషియనుగా చేరిన నాటి నుంచి 2004లో పదవీ విరమణ చేసేదాకా, ఆ పైన మరో నాలుగేళ్లు ఒక ప్రయివేటు ఆసుపత్రిలో మెయింటెనెన్సు సూపర్‌వైజరుగా ఉన్నంతకాలం, నాకు అన్నం పెట్టింది ఒక విధంగా ఈ దీపాలే. వీటికీ ఒక చరిత్ర ఉంది. అది కొంత మన టెలిఫోను వారిది, కొంత పెద్ద పెద్ద భవనాలను చల్లగా, వెచ్చగా ఉంచే వారిది. ఆ రెండు దారులూ మన కళ్ల ముందే కలిసిపోయాయి.

ముందు మన వైపు చూద్దాం. తొలినాటి మాన్యువల్ బోర్డుల మీద దీపాలు లేవు. చందాదారుడు మాగ్నెటో పిడి తిప్పితే బోర్డు మీద అతని నెంబరుకు ఎదురుగా ఒక చిన్న రేకు మూత కిందికి పడేది. ఆపరేటరు దాన్ని చూసి కార్డు గుచ్చి, మళ్లీ వేలితో ఆ మూతను పైకి నెట్టుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో అందరికీ ఒకే బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే పద్ధతి రావడంతో ఆ రేకుల స్థానంలో చిన్న ఫిలమెంటు దీపాలు వచ్చాయి. ప్రతి కార్డు జతకూ రెండు దీపాలు ఉండేవి. మాట్లాడుకుంటున్నంతసేపూ అవి ఆరి ఉండేవి. ఎవరు రిసీవరు పెట్టేస్తే వారి వైపు దీపం వెలిగేది. రెండూ వెలిగితే ఆపరేటరు కార్డు లాగేసేది. దీపం వెలిగిందంటే పని జరుగుతోందని కాదు, పని ముగిసిందని అర్థం. ట్రంకు బోర్డు మీద పని చేసిన మన సోదరీమణులకు ఇది నేను చెప్పనక్కరలేదు కానీ, వారి మనవలకు తెలియాలని రాస్తున్నాను.

తరువాత స్ట్రౌజరు. అమెరికాలో శవసంస్కారాల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన 1891 మార్చిలో ఈ ఆటోమేటిక్ పద్ధతికి పేటెంటు పొందాడు. మరుసటి ఏడు ఇండియానా రాష్ట్రంలోని లాపోర్టులో మొదటి ఎక్స్ఛేంజీ తెరిచారు. మన దేశంలో 1913–14లో సిమ్లాలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ వచ్చింది. ఆపరేటరు పోయిన తరువాత బోర్డు మీది దీపాలు ర్యాకు మీదికి ఎక్కాయి. అప్పటి నుంచి ఆ దీపాలు చందాదారుడి కోరికను కాదు, యంత్రం బాధను చెప్పసాగాయి.

మాలో కొత్తగా చేరిన వాడికి మొదట నేర్పేది పి.జి. దీపం. పర్మనెంట్ గ్లో అన్న మాటకు అది పొట్టిపేరు. ఎవరైనా రిసీవరు ఎత్తి నెంబరు తిప్పకుండా వదిలేసినా, లైను తీగలు రెండూ ఎక్కడో కలిసినా, ఒక సెలెక్టరు అతనికోసం ఊరికే పట్టుబడి ఉండిపోతుంది. దాని దీపం ఆరదు. ర్యాకు చివర ఒక దీపం, వరుస చివర ఒక దీపం, హాలు గోడ మీద ఒక దీపం, పక్కన ఒక గంట. గోడ నుంచి వరుసకు, వరుస నుంచి ర్యాకుకు, ర్యాకు నుంచి స్విచ్చికి దీపం వెంట దీపం చూసుకుంటూ నడిస్తే తప్పు దగ్గరికే చేరేవాళ్లం. పెద్ద వర్షం పడి కేబుళ్లలోకి నీరు దిగిన రాత్రి పి.జి. దీపాలు దీపావళి ప్రమిదల్లా వరుసగా వెలిగేవి. ఆ రాత్రుల్లో డ్యూటీ చేసిన వాళ్లకు ఆ వెలుగు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

ఇక రెండో దారి. 1880లలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే ఆచార్యుడు ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెబుతుండేవాడు. చలిదేశం కాబట్టి గదులు వెచ్చబెట్టడానికి నేలమాళిగలో కొలిమి ఉండేది. గది ఎంత వెచ్చగా ఉందో తెలుసుకోవడానికి జవాను మాటిమాటికీ తలుపు తోసుకుని తరగతి మధ్యలోకి వచ్చి థర్మామీటరు చూసి పోయేవాడు. ఈ గోల పడలేక ఆయన గదిలో ఉష్ణోగ్రత మారినప్పుడు కొలిమి దగ్గర గంట మోగే విద్యుత్ పరికరం ఒకటి తయారుచేసి 1883లో పేటెంటు తీసుకున్నాడు. గంట వినగానే జవాను అక్కడే గాలి తలుపు సర్దేవాడు. భవనం తన పరిస్థితిని తానే చెప్పుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి. 1885లో ఆయన మిల్వాకీలో స్థాపించిన కంపెనీయే నేటి జాన్సన్ కంట్రోల్స్. అదే 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ అనే ఆయన కొలిమి తలుపును దానంతట అదే తెరిచి మూసే యంత్రం చేశాడు. హనీవెల్ కంపెనీ మూలం అక్కడ ఉంది. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించాడు. దాన్నే మనం ఏ.సి. అంటున్నాం.

ఆ తరువాత చాలాకాలం భవనాల్లో ఈ పనంతా గాలి చేసేది. సన్నని రాగి గొట్టాల్లో 3 నుంచి 15 పౌండ్ల ఒత్తిడి గాలి నడుస్తూ కవాటాలను కదిలించేది. గాలి వెలగదు కాబట్టి దాని ఆనుపానులు తెలియడానికి ముల్లు గేజీలు ఉండేవి. దీపాలు మాత్రం మోటార్ల పానెల్ మీద ఉండేవి. మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం దీపాలు. వాటి కింద కంప్రెసరు నడుస్తోందా, ఎక్కువ ఒత్తిడితో ఆగిందా, నూనె ఒత్తిడి చాలక ఆగిందా చెప్పే దీపాలు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన దేశపు పాత స్విచ్‌గేరులో బ్రేకరు ఆన్‌లో ఉంటే ఎర్ర దీపం, ఆఫ్‌లో ఉంటే ఆకుపచ్చ దీపం వెలిగేవి. తప్పుతో పడిపోతే పసుపు. బ్రిటిషు వాడుక నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఎరుపు అంటే కరెంటు ఉంది, చెయ్యి పెట్టవద్దు అని భావం. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ పెట్టెల మీద ఆకుపచ్చ వెలిగితే అంతా క్షేమం, ఎరుపు వెలిగితే తప్పు. అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఎరుపు ప్రమాదానికి, పసుపు అసాధారణ స్థితికి, ఆకుపచ్చ మామూలు స్థితికి అన్నాయి. ఒకే గదిలో పాత పానెలూ కొత్త పెట్టే పక్కపక్కనే ఉన్నచోట, ఒకదాని ఎరుపు శుభం, రెండోదాని ఎరుపు అశుభం. కొత్త కుర్రాళ్లు తికమకపడేవారంటే వారి తప్పేమీ లేదని నేను ఇప్పటికీ అంటాను. దీపం కింద చీటీ అంటించని వారిదే తప్పు.

ఫిలమెంటు దీపానికి ఇంకో జబ్బు ఉండేది. అది మాడిపోతుంది. వెలగని దీపాన్ని చూసి తప్పు లేదనుకోవాలా, దీపమే పోయిందనుకోవాలా? అందుకే ప్రతి మంచి పానెల్ మీదా ల్యాంప్ టెస్టు అనే బొత్తాం ఉండేది. నొక్కితే అన్నీ ఒక్కసారి వెలగాలి. షిఫ్టు తీసుకునేటప్పుడు మొదటి పని అదే. మా సీనియరు ఒకాయన ఆ బొత్తాం నొక్కకుండా రిజిస్టరులో సంతకం పెట్టనిచ్చేవాడు కాదు.

ఈ జబ్బుకు మందు ఎల్.ఇ.డి. కార్బొరండం స్ఫటికానికి కరెంటు ఇస్తే వెలుగుతోందని 1907లోనే హెచ్.జె. రౌండ్ అనే ఇంజనీరు గమనించాడు. రష్యాలో ఒలెగ్ లోసెవ్ 1920లలో దాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. పట్టించుకున్నవారు తక్కువ. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలొన్యాక్ కంటికి కనిపించే ఎరుపు వెలుగునిచ్చే డయోడు చేశాడు. 1960ల చివరికి అవి బజారులోకి వచ్చాయి. 1972లో జార్జ్ క్రాఫర్డ్ పసుపు తెచ్చాడు. సుమారు రెండు వోల్టులు, ఇరవై మిల్లీ ఆంపియర్లు ఉంటే చాలు. వేడెక్కదు, తొందరగా మాడదు, కనురెప్ప పాటులో వెలిగి ఆరుతుంది. ఈ ఆఖరి గుణమే అసలైనది. ఫిలమెంటు దీపం ఉంది, లేదు అని మాత్రమే చెప్పగలిగేది. ఎల్.ఇ.డి. మిణుకుమిణుకుమంటూ తీగలో నడిచే సంభాషణనే చూపించగలిగింది. 1981లో వచ్చిన హేస్ కంపెనీ మోడెము ముఖాన వరుసగా దీపాలుండేవి. వాటిలో ఒకటి పంపుతున్నప్పుడు, ఒకటి అందుకుంటున్నప్పుడు మిణికేవి. నేటి ఇంటర్నెట్టు పెట్టెల దీపాలన్నీ ఆ వంశానివే.

భవనాల్లోకి కంప్యూటరు 1970లలో ప్రవేశించింది. 1973 చమురు సంక్షోభం తరువాత కరెంటు పొదుపు మీద అందరికీ శ్రద్ధ కలిగింది. 1980లలో మైక్రోప్రాసెసర్లు చవకై, ఒక్కొక్క గాలి యంత్రానికీ ఒక్కొక్క చిన్న కంట్రోలరు, వాటన్నిటి మీద పెత్తనానికి ఒక నెట్‌వర్కు కంట్రోలరు అనే ఏర్పాటు కుదిరింది. వీటిని కలిపేది 1983లో ప్రమాణంగా వెలువడిన ఆర్.ఎస్.-485 అనే పద్ధతి. మెలిపెట్టిన రెండు తీగలు, 1200 మీటర్ల దూరం దాకా, రెండు కొసలా 120 ఓముల నిరోధకాలు. పవరు తీసేసి ఆ రెండు తీగల మధ్య మీటరుతో కొలిస్తే సుమారు 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక కొస నిరోధకం లేదు, 40 చూపితే ఎవరో మూడోది పెట్టారు. మన లైన్ల పని చేసిన వారికి ఈ లెక్క ఎంతో ఆత్మీయంగా అనిపిస్తుంది.

అయితే ఒక్కో కంపెనీది ఒక్కో భాష. ఒకరి పెట్టె ఇంకొకరి పెట్టెతో మాట్లాడదు. 1987లో అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం అష్రే ఒక కమిటీ వేసింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ న్యూమన్ దానికి అధ్యక్షుడు. ఎనిమిదేళ్లు కూర్చుని 1995లో బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి భాషను ప్రకటించారు. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎనిమిదేళ్లా అని నవ్వేవారు, మన శాఖలో ఒక సర్క్యులరు తయారుకావడానికి పట్టే కాలాన్ని గుర్తు చేసుకోవాలి!

ఈ భాషలో రెండు తీగల మీద మాట్లాడే తీరు పల్లెటూరి పంచాయితీలా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక నెంబరు. మాట్లాడే హక్కు ఒక టోకెను రూపంలో చేతులు మారుతుంది. చేతిలో టోకెను ఉన్నవాడే నోరు విప్పాలి. మాట అయ్యాక తరువాతి వాడికి అందించాలి. ప్రతి యాభై చుట్లకూ ఒకసారి, తన నెంబరుకూ తరువాతి వాడి నెంబరుకూ మధ్య కొత్తవాళ్లెవరైనా వచ్చారేమోనని ఒక్కొక్క నెంబరునూ పిలిచి చూస్తారు. ఎంత నెంబరు దాకా పిలవాలన్నది ముందే అమర్చి ఉంటుంది. మామూలుగా అది 127. ఈ వివరం గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

2008లో నేను పని చేస్తున్న ఆసుపత్రిలో కొత్త ఆపరేషను థియేటరు కట్టారు. దాని గాలి యంత్రానికి కొత్త కంట్రోలరు బిగించే పని సరఫరాదారు తరఫున ఒక డిప్లొమా కుర్రాడు చేశాడు. రెండు రోజుల్లో ప్రారంభోత్సవం. యంత్రం నడుస్తోంది కానీ కంట్రోలు రూము కంప్యూటరులో దాని జాడ లేదు. థియేటరు ఉష్ణోగ్రత, తేమ తెర మీద కనబడకుండా ఆపరేషన్లు మొదలుపెట్టడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. సరఫరాదారు ఇంజనీరు వచ్చి, తలుపు తెరిచి చూసి, బోర్డు కాలిపోయిందన్నాడు. కుర్రాడు తప్పుగా కలిపి ఉంటాడనీ, కొత్తది విదేశం నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందనీ, దాని ఖరీదు ఇతని జీతంలో పట్టుకుంటామనీ తేల్చేశాడు. ఆ ఖరీదు అతని ఆరు నెలల జీతానికి పైమాటే.

అతను వెళ్లిన తరువాత కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "సార్, నేను కాల్చలేదు సార్. కనెక్షను ఇచ్చే ముందు వోల్టేజి చూసుకున్నాను. ఇరవై నాలుగే ఉంది సార్" అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "పద, దాన్నే అడుగుదాం" అన్నాను.

పెట్టె తలుపు తీసి చూశాం. పవరు దీపం నిలకడగా ఆకుపచ్చ. 24 వోల్టులు అందుతున్నాయి. పక్కన రన్ దీపం సెకనుకొకసారి నాడిలా కొట్టుకుంటోంది. అంటే ప్రాసెసరు బతికే ఉంది, ప్రోగ్రాము నడుస్తోంది. తప్పు దీపం ఆరి ఉంది. అందుకునే దీపం చకచకా మిణుకుతోంది. పంపే దీపం మాత్రం చీకటి.

కాలిన బోర్డు ఇలా ఉండదు. కానీ పంపే దీపమే మాడిందేమో? పాత ల్యాంప్ టెస్టు బొత్తాం ఇక్కడ లేదు. అయితే ఇటువంటి పెట్టెల్లో చాలావాటికి పవరు తీసి ఇస్తే మొదలయ్యేటప్పుడు అన్ని దీపాలూ ఒక సెకను వెలుగుతాయి. తీసి ఇచ్చాం. అన్నీ వెలిగాయి. తప్పు దీపం, పంపే దీపం రెండూ మంచివే. కనుక యంత్రానికి నోరు ఉంది, చెవి పని చేస్తోంది, తీగలో మాట వినబడుతోంది. అయినా మాట్లాడటం లేదు. ఎవరూ పిలవకపోతేనే ఇలా ఉంటుంది.

"దీని నెంబరెంత పెట్టావోయ్?" అన్నాను. "ముప్ఫై నాలుగు సార్. డ్రాయింగులో అదే ఇచ్చారు" అని కాగితం తెచ్చి చూపించాడు. నిజమే, 34 అని అచ్చులో ఉంది. మిగతా యంత్రాలు 1 నుంచి 12 దాకా, పెద్ద కంట్రోలరు సున్నా. అప్పుడు పాత యంత్రాల అమరికల కాగితాలు తీయించాను. టోకెను వేగంగా తిరగాలని అన్నిటిలోనూ పిలిచే హద్దు 127 బదులు 31 పెట్టి ఉంది. పన్నెండో యంత్రం 13 నుంచి 31 దాకా పిలిచి, ఎవరూ పలకక, మళ్లీ సున్నాకు టోకెను ఇచ్చేస్తోంది. 34వ వాడు గుమ్మం బయట నిలబడి లోపలి మాటలన్నీ వింటున్నాడు, వంతు మాత్రం ఏనాటికీ రాదు.

నెంబరు పెట్టడానికి బోర్డు మీద ఎనిమిది చిన్న స్విచ్చులుంటాయి. వాటి విలువలు 1, 2, 4, 8 ఇలా రెట్టింపవుతూ 128 దాకా. 34 అంటే 32, 2 ఆన్‌లో ఉన్నాయి. వాటిని దించి 8, 4, 1 ఎత్తించాను. పదమూడు. ఇటువంటి బోర్డులు నెంబరును మొదలయ్యేటప్పుడే చదువుకుంటాయి కాబట్టి పవరు తీసి మళ్లీ ఇమ్మన్నాను. కుర్రాడు ఇచ్చాడు. ఇద్దరం పంపే దీపం వైపే చూస్తూ నిలబడ్డాం. నిమిషం, రెండు నిమిషాలు. ఏమీ లేదు. కుర్రాడు చొక్కా చేతితో చెమట తుడుచుకున్నాడు. నాలుగో నిమిషం కాకముందే ఒక్క మిణుకు, ఆగి మరొకటి, ఆ తరువాత ఎడతెరిపి లేకుండా. కంట్రోలు రూములో నెంబరు మార్చగానే తెర మీద 21.5 డిగ్రీలు అని పడింది.

మరునాడు ఇంజనీరు వచ్చి, ఆ జాబితా తమ పెద్ద ఆఫీసులో తయారయిందన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. జీతంలో కోత ప్రసక్తి మళ్లీ రాలేదు. రాకుండా ఉండటానికి నేను జరిగినదంతా లాగు పుస్తకంలో టైముతో సహా రాయించి, ఇద్దరి చేతా సంతకాలు చేయించాను. అది మన శాఖ నేర్పిన అలవాటు. నెంబరు మార్చిన సంగతి డ్రాయింగు మీద కూడా ఎర్ర సిరాతో దిద్దించాను.

అన్ని తప్పులూ ఇంత వివరంగా దొరకవు. అందుకునే దీపం మిణకకుండా నిలకడగా వెలిగిపోతుంటే తరచు తీగలు తలకిందులై ఉంటాయి, లేదా ఎవరో ఒకరు లైనును పట్టుకు కూర్చుని ఉంటారు. అప్పుడు ఒక్కొక్కరినే విడదీస్తూ పోవడమే, మన పాత పద్ధతి. ఇద్దరికి ఒకే నెంబరు పడితే దీపాలన్నీ మిణుకుతూనే ఉంటాయి కానీ తెర మీద యంత్రాలు వస్తూ పోతూ ఉంటాయి. ఇదే అన్నిటిలోకీ చిరాకైన తప్పు. పెద్ద కంట్రోలరు మొదలు కావడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఆ లోపల దీపం అదోలా ఉందని కంగారుపడి మళ్లీ పవరు తీసేవారు ఎక్కడైనా ఉంటారు. లోపల బ్యాటరీ ఉన్న రకాల్లో పవరు పోయాక కూడా రన్ దీపం కాసేపు కొట్టుకుంటుంది. అది లెక్కలు దాచుకుంటోంది. ఆ సమయంలో బ్యాటరీ పీకకూడదు.

నీలి దీపం ఆలస్యంగా వచ్చింది. 1993లో జపానులో నాకామురా కాంతివంతమైన నీలి ఎల్.ఇ.డి.ని ప్రకటించాడు. ఆయనకూ, ఆ దారి తెరిచిన అకసాకి, అమానోలకూ 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇళ్లలోని తెల్లటి దీపాలన్నీ దాని సంతానమే. పానెళ్ల మీద మాత్రం ఆ నీలం నాకు నచ్చదు. కళ్లల్లో పొడుస్తుంది. దాని మీద నల్ల టేపు అంటించిన వారిని చాలామందిని చూశాను.

మన సభ్యుల ఇళ్లలో ఇప్పుడు ఫైబరు ఇంటర్నెట్టు పెట్టె ఉంటోంది. పిల్లలు ఊళ్లో లేనప్పుడు అది ఆగితే ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడుతున్నారని విన్నాను. దాని మీద ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా మిణికితే వెలుగు మీ ఇంటిదాకా రావడం లేదన్నమాట. పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. సన్నటి తీగ బీరువా వెనక మడత పడిందేమో చూడండి, పడకపోతే ఫిర్యాదు చేయండి. ఎరుపు లేకుండా పాన్ అనే దీపం ఆకుపచ్చగా మిణుకుతూ ఉండిపోతే వెలుగు వస్తోంది గానీ ఎక్స్ఛేంజీ మీ పెట్టెను గుర్తించలేదు. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మాటే చెప్పండి. అదే నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్టు మాత్రం రాకపోతే అప్పుడు ఒకసారి ఆపి, అయిదు నిమిషాలాగి వేసి చూడవచ్చు. ఏ దీపం ఏ రంగులో ఉందో ఫోను చేసే ముందు ఒక కాగితం మీద రాసుకుంటే, అవతలి వారితో మాట్లాడటం తేలికవుతుంది.